ఒక అరుదైన ఇంటిపేరు కథ

1982లో విడుదలయిన 'గాంధీ' చలనచిత్రమును మన పాఠకులలో చాలామంది చూచియే ఉంటారు. దానికి దర్శకత్వం వహించిన ఆంగ్లేయుడు రిచర్డ్ ఆటెన్‌బరో. ఆయన తమ్ముడు డేవిడ్ ఆటెన్‌బరో పక్షులను, జంతువులను, మొక్కలను గూర్చి తీసిన టెలివిజన్ చిత్రముల వలన లోకమంతటా ప్రసిద్ధికెక్కినాడు. ఈ అన్నదమ్ముల మూలముగా ఆటెన్‌బరో అను ఇంటిపేరు మన చెవులకు బాగా అలవాటయినది. కాని ఇంగ్లండులోనే ఇది అరుదైన ఇంటిపేరు. బ్రిటన్‌లో స్మిత్ అను ఇంటిపేరు గలవారు ఐదు లక్షలకు పైగా ఉన్నారు. ఆటెన్‌బరోలు ఆ లెక్కలో ఒక చిన్న పిడికెడు మాత్రమే.

ఒక ఇంటిపేరు లక్షలమందికి ఉండి, మరొకటి కొద్ది కుటుంబములకే పరిమితమగుటకు కారణమేమి? అరుదైన పేరు గలవారందరు ఒకే మూలపురుషుని సంతానమేనా? ఈ ప్రశ్నలు వంశవృక్షములు వ్రాసుకొనేవారికే సంబంధించినవని పైకి తోచును. కాని గణితశాస్త్రజ్ఞులు, జన్యుశాస్త్రజ్ఞులు కూడ వీటిపై ఎంతో శ్రమించినారు. వారు కనుగొన్న విషయములను ఈ వ్యాసములో తెలుసుకొందాము.

ఊరి నుండి వచ్చిన పేరు

ఇంగ్లండులో మొదట ఇంటిపేర్లు లేవు. 1066లో నార్మనులు ఆ దేశమును జయించిన తరువాత, ముందు పెద్ద భూస్వాములలోను, క్రమముగా సామాన్యులలోను ఇంటిపేరు పెట్టుకొను ఆచారము వ్యాపించినది. 1400 ప్రాంతమునకు చాలా కుటుంబములలో అది తండ్రి నుండి కొడుకునకు సంక్రమించు పేరుగా స్థిరపడినది.

ఈ పేర్లు ముఖ్యముగా నాలుగు విధములుగా పుట్టినవి. వృత్తిని బట్టి కొన్ని: స్మిత్ అనగా కమ్మరి, టేలర్ అనగా దర్జీ. తండ్రి పేరును బట్టి కొన్ని: జాన్సన్ అనగా జాన్ కుమారుడు. మనిషి రూపమును, గుణమును బట్టి కొన్ని. నివాసస్థలమును బట్టి కొన్ని. ఆటెన్‌బరో ఈ నాల్గవ తెగకు చెందినది.

నాటింగ్‌హామ్ నగరమునకు నైరుతి దిక్కున, ట్రెంట్ నది ఒడ్డున ఆటెన్‌బరో అను గ్రామము కలదు. పేరు చివరనున్న 'బరో' ప్రాచీన ఆంగ్లములో కోట లేక రక్షణ గల స్థావరము అని అర్థమిచ్చు 'బుర్హ్' అను మాటకు రూపాంతరము. మొదటి భాగము అడ్డా వంటి ఒక వ్యక్తి పేరు. అనగా ఈ ఊరి పేరునకు 'అడ్డా కోట' అని అర్థము. ఈ గ్రామమునకు ఆనుకొని కంకర త్రవ్వి తీసిన పెద్ద గుంటలు నీటితో నిండి సరస్సులయినవి. అక్కడ ఏర్పరచిన ప్రకృతి రక్షణ స్థలమును 1966లో ప్రారంభించినవాడు డేవిడ్ ఆటెన్‌బరోయే.

ఊరి పేరు ఇంటిపేరుగా మారుటలో ఒక చిన్న మెలిక ఉన్నది. ఆ ఊరిలోనే ఉన్నవానిని ఆ ఊరి పేరుతో ఎవరూ పిలువరు. అందరూ ఆ ఊరివారే కదా! ఊరు విడిచి పొరుగూరు చేరినవానినే 'ఆ ఊరివాడు' అని పిలుస్తారు. తెలుగువారికి ఈ సంగతి కొత్త కాదు. కందుకూరి, గురజాడ వంటి మన ఇంటిపేర్లు కూడ ఊళ్ళ పేర్ల నుండి వచ్చినవే.

స్మిత్‌కు, ఆటెన్‌బరోకు గల భేదములో కొంత భాగము ఇక్కడనే తేలిపోవుచున్నది. కమ్మరి లేని ఊరు ఆ కాలములో లేదు. కనుక స్మిత్ అను పేరు వేలకొలది చోట్ల, ఒకదానితో ఒకటి సంబంధము లేకుండ పుట్టినది. ఆటెన్‌బరో అను పేరునకు మూలము ఒక్క చిన్న గ్రామము. అది విడిచి వెళ్ళి ఆ పేరు తెచ్చుకొన్నవారు కొద్దిమందే అయి ఉండవలెను. కాని వ్యత్యాసమునకు ఇది సగము కారణము మాత్రమే. మిగిలిన సగము యాదృచ్ఛికతకు, అనగా కేవలము అదృష్టమునకు, సంబంధించినది.

రెండు నాణెముల ఆట

ఇంటివద్దనే చేయదగిన ఒక ప్రయోగమును చూతము. నూరుమంది మగవారు ఉన్నారనుకొనండి. ప్రతివానికి వేరువేరు ఇంటిపేరు. ఒక్కొక్కని తరఫున రెండు రూపాయి నాణెములను పైకి ఎగురవేయండి. ఎన్ని బొమ్మలు పడితే వానికి అంతమంది కొడుకులు. రెండు బొమ్మలు పడితే ఇద్దరు, ఒకటి పడితే ఒకడు, రెండూ బొరుసులయితే కొడుకులు లేరు. సగటున తండ్రికి ఒక కొడుకు చొప్పున వచ్చును. కనుక మొత్తము జనసంఖ్య సుమారుగా మారకుండ ఉండును.

రెండు నాణెములు బొరుసు పడుటకు నాలుగింట ఒక అవకాశమున్నది. కనుక మొదటి తరములోనే నూటికి 25 పేర్లు మాయమగును. మిగిలినవారి కొడుకుల కొరకు మరల నాణెములు ఎగురవేయవలెను. లెక్క కట్టి చూచినచో రెండు తరములకు 39, ఐదు తరములకు 60, పది తరములకు 74, ఇరువది తరములకు దాదాపు 85 పేర్లు అంతరించును. తరమునకు 30 సంవత్సరముల చొప్పున ఇరువది తరములనగా 600 ఏండ్లు. ఆంగ్ల ఇంటిపేర్లు స్థిరపడినప్పటి నుండి నేటి వరకు గడచిన కాలము దాదాపు ఇంతే.

ఇందులో గమనింపదగిన విషయము ఒకటి ఉన్నది. మొదట ఉన్నవారు నూరుమంది. 600 ఏండ్ల తరువాతను సగటున నూరుమందియే. పేర్లు మాత్రము నూరు నుండి పదిహేనుకు దిగినవి. అనగా మిగిలిన ఒక్కొక్క పేరును సగటున ఆరేడుగురు పంచుకొనుచున్నారు. వాటిలో కొన్ని పేర్లు ఒకరిద్దరికి మాత్రమే ఉండును. కొన్ని పదిహేను, ఇరువదిమందికి వ్యాపించును. అన్నిటికీ ఆట ఒకటే, నాణెములు ఒకటే. ఒక పేరు నిలిచినది గొప్పతనము వలన కాదు. మరొకటి పోయినది లోపము వలన కాదు.

గాల్టన్ వేసిన ప్రశ్న

ఈ మాట నేడు తేలికగా చెప్పగలుగుచున్నాము గాని, పందొమ్మిదవ శతాబ్దములో దీనిపై పెద్ద వాదమే నడచినది. ఇంగ్లండులో అనేక ప్రభువంశములు అంతరించిపోవుట చూచి, ఉన్నత కుటుంబములలో సంతానశక్తి క్షీణించుచున్నదని కొందరు భావించిరి. ఫ్రాన్సిస్ గాల్టన్ ఈ విషయమును పట్టుకొన్నాడు. సంతానశక్తి తగ్గకపోయినను కేవలము యాదృచ్ఛికముగా ఎన్ని పేర్లు అంతరించునో ముందు తేల్చవలెను. అది తేలని యెడల ఏ వాదమునకూ పునాది ఉండదు. అందుచే 1873లో ఆయన 'ఎడ్యుకేషనల్ టైమ్స్' అను పత్రికలో దీనిని ఒక గణిత సమస్యగా ప్రకటించినాడు.

దానిని సాధింప పూనుకొన్నవాడు హెన్రీ విలియం వాట్సన్. ఆయన గణితవేత్త, చర్చిలో మతాచార్యుడు కూడ. 1874లో ఇరువురూ కలిసి ఒక పత్రమును వెలువరించిరి. వాట్సన్ పద్ధతి చక్కనిదే, కాని చివర ఒక పొరపాటు దొర్లినది. జనసంఖ్య పెరుగుచున్నను అన్ని ఇంటిపేర్లు ఎప్పుడో ఒకప్పుడు అంతరించి తీరునని ఆయన తేల్చినాడు. అది సరికాదు. సగటున తండ్రికి ఒకరికంటె ఎక్కువమంది కొడుకులు ఉన్నచో, పేరు శాశ్వతముగా నిలుచుటకు కొంత అవకాశము కలదు. ఈ నియమమును ఫ్రెంచి గణితవేత్త బియెనెమె 1845లోనే చెప్పియుండెను గాని దానిని ఎవరూ పట్టించుకొనలేదు.

1931లో ఆల్‌ఫ్రెడ్ లోట్కా, 1920 నాటి అమెరికా శ్వేతజాతీయుల జనాభా లెక్కలతో ఈ గణితమును పరీక్షించినాడు. అక్కడ జనసంఖ్య పెరుగుచునే ఉన్నది. అయినను ఒక మగశిశువుతో ఆరంభమగు పితృవంశము ఎప్పటికైనను అంతరించుటకు నూటికి సుమారు 82 పాళ్ళు అవకాశమున్నదని తేలినది.

ఇంటిపేర్ల కొరకు పుట్టిన ఈ గణితము తరువాత ఎన్నో చోట్ల ఉపయోగపడినది. అణువిచ్ఛిత్తిలో న్యూట్రానుల గొలుసు చర్య ఆరిపోవునా, పెరుగునా అను ప్రశ్నకు ఇదే లెక్క వర్తించును. ఒక జీవిలో కొత్తగా పుట్టిన జన్యుమార్పు నిలుచునా, నశించునా అని 1927లో ఈ మార్గముననే లెక్కించినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. ఆ మహనీయుడు 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరములో కన్నుమూసినాడు.

తండ్రి నుండి కొడుకునకు

ఇంతవరకు చెప్పినది గణితము. దీనిని పరీక్షించుటకు ప్రకృతియే ఒక సాధనమును సమకూర్చినది. మన శరీర కణములలో 23 జతల క్రోమోసోములు ఉన్నవి. వాటిలో వై క్రోమోసోము పురుషులకు మాత్రమే ఉండును. తక్కినవి తరతరమునకు తల్లివి, తండ్రివి కలసి పేకముక్కలవలె కలగాపులగమగును. వై క్రోమోసోములో అధికభాగము మాత్రము అట్లు కలియక, తండ్రి నుండి కొడుకునకు దాదాపు ఉన్నదున్నట్లు అందును. అనగా అది ఇంటిపేరు నడచిన దారినే నడచును. అప్పుడప్పుడు దానిలో చిన్న మార్పులు జరుగుచుండును. ఆ మార్పులను పోల్చి చూచి, ఇద్దరు పురుషులకు పితృవంశములో ఉమ్మడి మూలపురుషుడు ఎంత దగ్గరలో ఉన్నాడో అంచనా కట్టవచ్చును.

2000లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞుడు బ్రయాన్ సైక్స్ తన ఇంటిపేరునే పరీక్షకు పెట్టినాడు. బంధుత్వము తెలియని సైక్స్‌లలో దాదాపు సగముమంది వై క్రోమోసోము ఒకే విధముగా ఉన్నట్లు తేలినది. తరువాత లీసెస్టర్ విశ్వవిద్యాలయమున ట్యూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ ఈ పరిశోధనను విస్తరింపజేసిరి. వారు 2009లో ప్రకటించిన ఫలితములలో 40 ఇంటిపేర్లకు చెందిన 1678 మంది పురుషులు ఉన్నారు. స్మిత్‌లను పరీక్షింపగా, దారిన పోవు ఏ ఇద్దరి మధ్యనయినా ఉండే పోలికకంటె వారిలో ఎక్కువ పోలిక కనిపించలేదు. పేరు అరుదయిన కొలది పోలిక పెరిగినది. ఆటెన్‌బరోలలో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది వై క్రోమోసోము ఒకే వంశశాఖకు చెందినది. పైగా ఆ శాఖ బ్రిటన్‌లో చాలా తక్కువగాను, మధ్యధరా ప్రాంతములందును ఆఫ్రికాలోను ఎక్కువగాను కనబడునది. కనుక ఈ పోలిక కాకతాళీయము కాదు. వారు ఒకే మూలపురుషుని సంతతియే అని దృఢముగా చెప్పవచ్చును.

అట్లయిన ఆటెన్‌బరో అను పేరు మొదట ఒక్కడే పెట్టుకొన్నాడా? ఇక్కడ తొందర పడరాదు. నాణెముల ఆటను జ్ఞాపకము చేసుకొనండి. ఆ ఊరి నుండి పదిమంది వేరువేరు కుటుంబములవారు బయలుదేరి ఆ పేరు తెచ్చుకొన్నను, 600 ఏండ్లలో ఎనిమిది తొమ్మిది శాఖలు ఆరిపోయి ఒకటి రెండు మాత్రమే మిగులుట సహజమే. నేడు మిగిలినది ఒక్క వంశమన్నది నిజము. మొదట ఉన్నదీ ఒక్కటే అనుటకు అది సాక్ష్యము కాజాలదు.

గొలుసు తెగిన చోట

పదింట ఆ మిగిలిన ఒక్కని సంగతి ఏమి? దత్తత, తల్లి ఇంటిపేరు నిలుపుకొనుట, ఆస్తి కొరకు పేరు మార్చుకొనుట, వివాహబాహ్య సంతానము, లేదా మరొక మూలపురుషుడు: వీటిలో ఏదయినా కారణము కావచ్చును. రాజవంశములు సైతము దీనికి అతీతములు కావు. 2012లో లీసెస్టర్ నగరములో ఒక కార్లు నిలుపు స్థలము క్రింద మూడవ రిచర్డు రాజు అస్థిపంజరము బయటపడినది. తల్లి వైపు వంశీకుల జన్యువులతో అది సరిపోయినది. కాని వ్రాతపూర్వక వంశవృక్షము ప్రకారము పురుషశాఖలో ఆయనకు బంధువులగు ఐదుగురిలో ఏ ఒక్కరి వై క్రోమోసోమూ ఆయన దానితో కలియలేదని 2014లో వెల్లడి అయినది.

అరుదైన పేరునకు మరొక పర్యవసానము కూడ కలదు. 2013లో కొందరు శాస్త్రజ్ఞులు, పేరు లేకుండ ప్రకటించిన జన్యు సమాచారములోని వై క్రోమోసోమును వంశచరిత్రల పట్టికలతో పోల్చి, దాత ఇంటిపేరును ఊహించవచ్చునని నిరూపించిరి. దానికి వయస్సు, నివాస రాష్ట్రము జోడించినచో మనిషినే గుర్తుపట్టవచ్చును. స్మిత్ అని తెలిసినంతమాత్రమున చిక్కేది తక్కువ. అరుదైన పేరు గలవాడు మాత్రము సులభముగా దొరకిపోవును. పరిశోధన కొరకు తన రక్తమును నమ్మకముతో ఇచ్చినవాని గోప్యమును కాపాడుట ఎట్లు అను ప్రశ్న అప్పటి నుండి శాస్త్రలోకమును కలతపెట్టుచునే ఉన్నది.

పేరు చెప్పనిది

చివరగా ఒక లెక్క. పది తరములు వెనుకకు పోయినచో మనలో ప్రతివానికి 1024 మంది పూర్వుల స్థానములు ఉన్నవి. ఇంటిపేరు వచ్చినది వారిలో ఒక్కనినుండి. మిగిలిన 1023 మంది పేర్లు మనకు చేరలేదు. వారి రక్తము చేరినది. నాణెముల ఆటలో మనము కొడుకులను మాత్రమే లెక్కించితిమి. రెండు బొరుసులు పడి పేరు పోయిన ఇంట కూతుళ్ళు ఉండవచ్చును. వారి సంతతి వేరొక పేరుతో నేటికిని వర్ధిల్లుచుండవచ్చును. ఇంటిపేరు అంతరించుట, వంశము అంతరించుట ఒకటి కావు.

ఒకే ఇంటిపేరు గలవారందరు దాయాదులని మనలోను అనుకొనుట కలదు. కాని ఒకే ఊరి నుండి వేరువేరు కులములవారు వలస వచ్చి, ఒకే ఇంటిపేరు ధరించిన ఉదాహరణలు మన మధ్య ఎన్నో ఉన్నవి. పేరు ఒక దారపుపోగు మాత్రమే. వస్త్రమంతయు ఆ ఒక్క పోగుతోనే నేసినదనుకొనుట పొరపాటు. ఈ సంగతిలో సందేహము ఉన్న పాఠకులు రెండు రూపాయి నాణెములు తీసుకొని ఒక సాయంకాలము ఆ ఆటను ఆడి చూడవచ్చును.