45 డిగ్రీల ఎండలో వేరుశెనగ ఫడ్జ్

మే నెల వచ్చిందంటే రెంటచింతల పేరు వార్తల్లో మోగుతుంది. అక్కడ ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. మాచర్ల, గురజాల, నరసరావుపేట కూడా పెద్దగా తీసిపోవు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్యే కరుగుతుంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, అమెరికా వంటపుస్తకం ముందు పెట్టుకుని చేసిన పీనట్ బటర్ ఫడ్జ్ పల్నాడు ఇళ్లలో ఎందుకు నిలవదో తెలిసిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి పళ్లెంలో పెట్టిన కాసేపటికే ముక్కల అంచులు జారతాయి, అడుగున నూనె మరక తేలుతుంది. చేసినవాళ్ల చేతిలో లోపమేమీ లేదు. ఆ మిఠాయిని బిగించి ఉంచేదే వెన్న, మన వంటింటి వేడికి ఆ బిగువు ఆగదు.

ఫడ్జ్ అంటే పాకంలో కొవ్వు కలిపి, ఆరాక ముక్కలు కోసుకునే మెత్తని మిఠాయి. బర్ఫీ కోవకే చెందుతుంది. అది గట్టిపడే దారులు రెండు. ఒకటి కొవ్వు పేరుకోవడం: వెన్న, పీనట్ బటర్, పొడి పంచదార కలిపి ఫ్రిజ్‌లో పెట్టేవన్నీ ఈ రకమే. రెండోది పాకంలోని పంచదార మళ్లీ సన్నని పలుకులుగా గడ్డకట్టడం. పంచదార పలుకు కరగాలంటే 180 డిగ్రీలు దాటాలి. 45 డిగ్రీలు దాన్నేమీ చేయలేవు. పల్నాడుకు కావలసింది ఈ రెండో దారి.

నిజానికి ఫడ్జ్ పుట్టింది కూడా ఈ దారిలోనే. 1888లో అమెరికాలోని వాసర్ కాలేజీలో ఎమెలిన్ హార్ట్‌రిడ్జ్ అనే విద్యార్థిని 30 పౌండ్ల ఫడ్జ్, అంటే మన లెక్కలో పదమూడున్నర కిలోలకు పైగా, చేసి అమ్మకానికి పెట్టింది. అంతకు రెండేళ్ల ముందే బాల్టిమోర్‌లో పౌండు 40 సెంట్లకు అమ్మేవారని ఆమె రాసిన ఒక ఉత్తరంలో ఉంది. ఆ రోజుల్లో ఇళ్లలో ఫ్రిజ్‌లు లేవు. పాకం కాచి, దించి, చెయ్యి నొప్పి పుట్టేదాకా గిలక్కొట్టడమే పద్ధతి. వెన్న పోసి ఫ్రిజ్‌లో బిగించే సులువు తర్వాత వచ్చింది.

సులువు పేరుతో ఇప్పుడు అక్కడ బాగా చెలామణిలో ఉన్న కొలత ఇది: బ్రౌన్ షుగర్ 2 కప్పులు, పొడి పంచదార మూడున్నర కప్పులు, వెన్న అర కప్పు, పాలు అర కప్పు, పీనట్ బటర్ ముప్పావు కప్పు. గ్రాముల్లోకి మారిస్తే రెండు రకాల పంచదారా కలిపి సుమారు 860 గ్రాములు, పీనట్ బటర్ 190. పేరేమో వేరుశెనగది, పంచదార మాత్రం దానికి నాలుగున్నర రెట్లు! మొత్తం మిఠాయిలో మూడింట రెండు వంతులు పంచదారే. దీన్ని వేరుశెనగ మిఠాయి అనడానికి నాకు మనసొప్పదు.

మన వంటింటికి నేను చెప్పే కొలత వేరు. పచ్చి వేరుశెనగ పప్పు అర కిలో, పంచదార 300 గ్రాములు, నీళ్లు 100 మిల్లీలీటర్లు, నెయ్యి 20 గ్రాములు, నాలుగు యాలకులు, చిటికెడు ఉప్పు, నాలుగైదు చుక్కల నిమ్మరసం. పప్పు ఏరి, వేయించి, పొట్టు తీసేసరికి అర కిలో కాస్తా 450 గ్రాముల దాకా తగ్గుతుంది. తేమ పోతుంది, పొట్టు పోతుంది, పనికిరాని పప్పులు పక్కకు పోతాయి. ఆఖరికి చేతికొచ్చే మిఠాయి దాదాపు 800 గ్రాములు. అందులో వేరుశెనగ సగానికి మించి ఉంటుంది, పంచదార 40 శాతంలోపే.

పని మొత్తం పాకం దగ్గరే ఉంది. పాకం అంటే నీళ్లు తగ్గుతూ పోయే పంచదార. అందులో నీరు ఎంత మిగిలిందో పాకం వేడి చెప్పేస్తుంది. పంచదార 80 శాతం, నీరు 20 శాతం ఉన్నప్పుడు పాకం 112 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మన ఆడవాళ్లు తీగపాకం అనేది ఆ దరిదాపుల్లోదే. పంచదార 85 శాతానికి చేరితే 113 నుంచి 116, అది ఉండపాకం. 99 శాతానికి చేరితే 149 నుంచి 154. నీళ్లలో వేసిన చుక్క గట్టిపడి, పళ్లానికి కొడితే టంగుమంటుంది. అది వేరుశెనగ అచ్చుకు పట్టే ముదురు పాకం.

ఫడ్జ్‌కు కావలసింది ఉండపాకం, 114 డిగ్రీల దగ్గర. మన 300 గ్రాముల పంచదారకు లెక్క వేద్దాం. పోసిన 100 గ్రాముల నీళ్లలో దాదాపు సగం ఆవిరైపోయి, 53 గ్రాములు మిగిలినప్పుడు పంచదార సరిగ్గా 85 శాతం. మిగిలిన నీళ్లు 70 గ్రాములైతే పంచదార 81 శాతమే, ముక్క కోస్తే చేతికంటుకుంటుంది. 43 గ్రాములకు తగ్గితే 87 దాటుతుంది, ఫడ్జ్ పొడిపొడిగా విరుగుతుంది. చక్కగా కుదిరిన ముక్కకూ పొడిగా రాలే ముక్కకూ మధ్య తేడా 10 గ్రాముల నీళ్లు. రెండు చిన్న చెంచాలు! ఉండపాకం దగ్గరికి వచ్చాక ఫోను మోగినా పొయ్యి వదలవద్దు.

సంక్రాంతికి అరిసెల పాకం పట్టే ఇంట్లో దీనికి థర్మామీటరు అక్కర్లేదు. పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి పాకం చుక్క వేసి, వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తని ఉండ కట్టాలి. పైకెత్తితే నిలవాలి, నొక్కితే అణగాలి. అమ్మమ్మలకు చేతి అలవాటుగా వచ్చిన ఆ పరీక్షే ఇక్కడా పని చేస్తుంది. థర్మామీటరు కొన్నవాళ్లు మాత్రం ముందు మరిగే నీళ్లలో పెట్టి చూడండి. పల్నాడు సముద్రమట్టానికి మరీ ఎత్తులో లేదు కాబట్టి అది 100 చూపాలి. 98 చూపిస్తే అది చూపే ప్రతి అంకెకూ 2 కలుపుకోవాలి. ఎత్తు పెరిగితే ఈ లెక్క మారుతుంది, దాదాపు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున. 920 మీటర్ల ఎత్తున్న బెంగళూరులో నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి, కాబట్టి అక్కడ స్థిరపడ్డ మన పిల్లలు పాకాన్ని 111 దగ్గర దించాలి. 1,600 మీటర్ల ఎత్తున్న డెన్వర్‌లో 109 చాలు. ఊళ్లో అమ్మ ఫోనులో చెప్పిన అంకె పట్టుకుని అక్కడ 114 దాకా కాచారంటే పాకం ముదిరిపోయినట్టే.

ఇక పలుకు సంగతి. పాకం మరుగుతుండగా గరిటెతో తిప్పితే పంచదార అప్పుడే పెద్ద పెద్ద పలుకులు కడుతుంది. ఫడ్జ్ నాలుకకు ఇసకలా తగులుతుంది. పంచదార కరిగేదాకా తిప్పండి, ఆ తర్వాత గరిటె తీసి పక్కన పెట్టేయండి. గిన్నె అంచులకు అంటిన పలుకుల్ని తడి గుడ్డతో తుడవండి, ఒక్క పలుకు లోపల పడినా దాని చుట్టూ మిగతా పంచదార పేరుకుంటుంది. నిమ్మరసం చుక్కలు కొద్ది పంచదారను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టి ఈ ముప్పును తగ్గిస్తాయి. నాలుగైదు చుక్కలకు మించితే అసలు గట్టిపడదు. దించాక రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, వేరుశెనగ ముద్ద, నెయ్యి, ఉప్పు, యాలకుల పొడి వేసి అప్పుడు గట్టిగా కలపాలి. నిగనిగలాడుతున్న ముద్ద మెరుపు తగ్గి, గిన్నెను వదిలే క్షణం వస్తుంది. వెంటనే నెయ్యి రాసిన పళ్లెంలోకి. గోరువెచ్చగా ఉండగానే చాకుతో గాట్లు పెట్టుకోవాలి.

వేరుశెనగ ముద్దకు బజారు సీసా అవసరం లేదు. అమెరికా నిబంధన ప్రకారం పీనట్ బటర్ అనిపించుకోవాలంటే అందులో కనీసం 90 శాతం వేరుశెనగ ఉండాలి. మిగతా 10లో ఉప్పు, పంచదార, నూనె తేలకుండా ఆపే గట్టి కొవ్వు చేరతాయి. మన మిక్సీలో అయితే నూటికి నూరు వేరుశెనగే. పప్పులో దాదాపు సగం నూనె, 100 గ్రాములకు 49. చుక్క నూనె పోయకుండానే ముద్దవుతుంది. సన్న సెగ మీద 12 నుంచి 15 నిమిషాలు వేయించి, పూర్తిగా చల్లారనిచ్చి, ఆపి ఆపి తిప్పండి. మొదట పొడి, తర్వాత ఉండలు ఉండలుగా, ఆ తర్వాత జారుడు. ఉండలు కట్టగానే ఆపేయండి. జారుడు దాకా తిప్పితే నూనె బయటికొచ్చి పాకంతో కలవకుండా తేలుతుంది. అలా తేలిందని పారేయకండి, ఒక చెంచా వేడి పాలు పోసి కలిపితే చాలావరకు మళ్లీ కలిసిపోతుంది.

బెల్లంతో చేయకూడదా అని అడిగేవాళ్లు ఎక్కువ. బెల్లంలో చెరుకు చక్కెరతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఉంటాయి. అవి పలుకు కట్టనివ్వవు, పైగా గాలిలోని తేమను లాగుతాయి. అందుకే బెల్లపు ఫడ్జ్ వానాకాలం రెండో రోజుకే చెమ్మగిల్లుతుంది. ఆ బెల్లాన్నే 149 దాటించి ముదురు పాకం చేస్తే అచ్చు అద్భుతంగా వస్తుంది. 2020 జనవరి నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు వారానికి మూడు రోజులు 25 గ్రాముల వేరుశెనగ చిక్కీ ఇవ్వడం మొదలైంది. పిల్లల పళ్లకు అది బాగానే ఉంది. పళ్లు కదిలే తాతయ్యకు, కట్టుడు పళ్ల నాయనమ్మకు మాత్రం ఆ చిక్కీ అందని ద్రాక్షే. ఇంట్లో ఫడ్జ్ చేయమని నేను గట్టిగా చెప్పడానికి పెద్ద కారణం వాళ్లే. బెల్లం రుచి వదులుకోలేకపోతే 300 గ్రాముల్లో 75 గ్రాములు బెల్లం, మిగతా పంచదార వేయండి. రంగూ వాసనా వస్తాయి, బిగువూ పోదు. బెల్లం వేసినప్పుడు నిమ్మరసం మానేయండి.

800 గ్రాముల్ని 20 గ్రాముల చొప్పున కోస్తే 40 ముక్కలు. ఒక్కోదానిలో దాదాపు 100 కిలో కేలరీలు, 2.8 గ్రాముల మాంసకృత్తులు, 7.5 గ్రాముల పంచదార. పైనుంచి కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆ లెక్కన మూడు ముక్కలు తింటే ఆ రోజు కాఫీ చక్కెర లేకుండా తాగాల్సిందే. షుగరు ఉన్నవాళ్లు ఒక్క ముక్కతో ఆగడం మంచిది. వేరుశెనగ పడనివాళ్లకు కొసరు కూడా పెట్టకూడదు, ఆ ఎలర్జీ ప్రాణం మీదికి తెస్తుంది.

పల్నాడు మిర్చి, పత్తి సీమ. వేరుశెనగకు పెట్టింది పేరు అనంతపురం వైపు. 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలు కాయలకు 7,263 రూపాయలు. వంద కిలోల కాయలు కొడితే వచ్చేది 70 కిలోల పప్పు. అంటే రైతు దగ్గర కిలో పప్పు ఖరీదు 104 రూపాయలు, మన అర కిలోకు 52. దీనికి పంచదార, నెయ్యి, గ్యాసు ఖర్చు కలుపుకుని, బజారులో 800 గ్రాముల మిఠాయికి ఎంత పెడుతున్నారో మీరే చూసుకోండి.

ఎండాకాలం వేరుశెనగ మిఠాయి త్వరగా ముక్కవాసన వేయడానికి కారణం అందులోని నూనె గాలికి చెడడం. ఓలిక్ ఆమ్లం ఎక్కువుంటే ఆ చెడడం నెమ్మదిస్తుంది. జునాగఢ్‌లోని వేరుశెనగ పరిశోధన సంస్థ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కలిసి తెచ్చిన గిర్నార్-4, గిర్నార్-5 రకాల నూనెలో అది 80 శాతానికి దగ్గరగా ఉంటుంది. ఆ పప్పు దొరికితే వదలకండి. దొరకకపోయినా గాలి చొరని స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా పెడితే వారం పది రోజులు రుచి చెడదు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని పప్పు ఏరడం. పచ్చబూజు, నల్లమచ్చ, ముడుచుకుపోయిన గింజ కనిపిస్తే తీసేయండి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కకుండా చచ్చిపోయాయి. మూలం వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన బూజు పట్టిన వేరుశెనగ తెలగపిండి అని తేలింది. అలా బయటపడిన విషమే అఫ్లాటాక్సిన్. కాలేయానికి చేటు, క్యాన్సర్ కారకం. తినడానికి సిద్ధం చేసే ముందరి వేరుశెనగలో అది వంద కోట్ల పాళ్లకు 15 పాళ్లు మించకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణం. నేరుగా తినే వేరుశెనగకు యూరప్ 4 పాళ్లే ఒప్పుకుంటుంది. ఇంట్లో వేయించే 150, 160 డిగ్రీల వేడికి అది పూర్తిగా నశించదు. నాలుకకు చేదు తగిలిన పప్పును మింగకుండా ఉమ్మేయండి. ఏరి పారేసిన గింజల్ని గేదె కుడితిలో మాత్రం వేయకండి, ఆ విషం పాలలోకి దిగి మళ్లీ మన పిల్లల గ్లాసులోకే వస్తుంది.