సరకుల కూర్పు – కాళ్ల శ్రమ

కొట్టుగది నిండుగా నుండుట వేఱు, కోరిన సరకు కోరినపుడు చేతి కందుట వేఱు.

నేఁడు మనము ఫోనులో కోరిన వస్తువులను పెద్ద గిడ్డంగులలో పనివారు అఱలనుండి యేఱి తెచ్చి పంపుచున్నారు. చేతులతో నేఱుచోట వారి కాలములో దాదాపు సగము నడకకే చెల్లును. సరకుల నక్షరక్రమమున నమర్చిన కంటికి సొంపే గాని కాళ్లకు శిక్ష.

1963లో జేమ్స్ హెస్కెట్ అను అమెరికా పండితుఁడు దీనికొక లెక్క చెప్పెను. సరకు ఆక్రమించు చోటును, అది యెన్నిమార్లు కోరఁబడునో ఆ సంఖ్యచే భాగింపవలెను. ఫలము తక్కువైనది సరకులు పంపు వాకిటికి చేరువను, ఎక్కువైనది దూరముగను ఉండవలెను. తఱచు తీయునవి నడుమునకును భుజములకును మధ్యనుండు నఱలలోను, బరువైనవి క్రిందను, జతగా కోరునవి ప్రక్కప్రక్కలను ఉండుట మేలు. ఋతువు మాఱినచో గిరాకి మాఱును. అపుడు కూర్పును మార్చవలెను.

మేమును మా కొట్టుగదిలో పప్పుడబ్బా నటకపై నుంచి నిత్యము ముక్కాలిపీట యెక్కుచుంటిమి; ఏఁటికొకసారి వాడు గంగాళము మాత్రము గుమ్మముకడనే యుండెను! ఒకనాఁడు కాలుజాఱి పడినపిదపగాని యీ లెక్క మా యింట ప్రవేశింపలేదు. ఏ వస్తువునకై యెన్నిసార్లు నడచుచున్నారో మీరును ఒక వారము లెక్కింపుఁడు. అటుపిమ్మట నఱలు సర్దుఁడు.