వానాకాలం – స్కూటరు టైర్లు

బెండకాయ కొంటే తుంచి చూస్తాం, వంకాయ కొంటే తొడిమ చూస్తాం. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే స్కూటరుకు టైరు కొనేటప్పుడు మాత్రం అది మగవాళ్ళ వ్యవహారమని ఊరుకుంటాం. వెనక కూర్చునేది మనమే కదా! ఈ రోజుల్లో నడిపేదీ చాలామటుకు మనమే.

మన ముషీరాబాదు ప్రాంతానికి వాన సంగతి కొత్తగా చెప్పాలా? హుస్సేన్ సాగర్ మిగులు నీళ్ళ కాలువ అశోక్ నగర్, దోమలగూడల మీదుగా పోతుంది. 2000 ఆగస్టులోనూ, 2020 అక్టోబరులోనూ ఆ నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చాయి. అంత వరదలో స్కూటరు ఎవరూ తీయరు, తీయకూడదు కూడా. అసలు భయం చిరుజల్లుతోనే. ఎండిన రోడ్డు మీద పడి ఉన్న నూనె, దుమ్ము తొలి చినుకులతో కలిసి జిడ్డవుతాయి. ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ దగ్గర బస్సులు ఆగే చోట, నారాయణగూడ మలుపుల్లో జీబ్రా గీతల మీద, మాన్‌హోలు మూతల మీద బండి పోతుంటే సబ్బునీళ్ళ బండల మీద నడిచినట్టే ఉంటుంది. త్యాగరాయ గానసభలో కార్యక్రమం చూసి రాత్రిపూట వచ్చేవారికి ఆ తడి సరిగా కనబడదు కూడా.

టైరు మీద గాడులు అందానికి కావు సుమా! చక్రం కింద పడ్డ నీరు పక్కలకు పోవడానికి అవి దారులు. అవి అరిగిపోతే రబ్బరుకూ రోడ్డుకూ మధ్య నీటి పొర నిలుస్తుంది, బ్రేకు వేసినా బండి జారుతుంది. గాడి అడుగున అక్కడక్కడ చిన్న గట్టు ఉంటుంది. అది ఎక్కడుందో టైరు పక్కన టి.డబ్ల్యు.ఐ. అనే అక్షరాలో చిన్న త్రిభుజమో చూపిస్తాయి. రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. ద్విచక్ర వాహనానికి గాడి లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధన. వానాకాలంలో అందాకా ఆగడం నాకు ఇష్టం ఉండదు.

ఇక దుకాణానికి వెళదాం. టైరు పక్కన 90/100-10 వంటి అంకెలుంటాయి. 90 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో నూటికి నూరు వంతుల ఎత్తు, 10 అంగుళాల చక్రం అని అర్థం. పాత చేతక్‌కు ముందూ వెనకా ఒకే కొలత, పైగా స్టెప్నీ ఉండేది. ఇప్పుడు కొన్ని బళ్ళకు ముందు 12, వెనక 10 ఉంటున్నాయి. బండి పుస్తకంలో ఉన్న కొలతే అడగండి. "వెడల్పుది వేస్తే పట్టు ఎక్కువమ్మా" అంటే వినకండి. అది పక్కన రాసుకోవచ్చు, నీటిని చీల్చడంలో సన్నటిదే మేలు.

తరువాత తేదీ. కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలుంటాయి. 2325 అని ఉంటే 2025లో ఇరవై మూడో వారంలో తయారైందన్నమాట. కుక్కరు గాస్కెట్టు పాతబడితే గట్టిపడి ఆవిరి వదిలేయడం మనకు తెలుసు కదూ! టైరు రబ్బరూ అంతే. దుకాణంలో ఏళ్ళతరబడి పడి ఉన్నది చవకగా ఇస్తామన్నా వద్దు. ఐ.ఎస్.ఐ. గుర్తు కూడా చూసుకోండి.

"ఎన్ని వేల కిలోమీటర్లయినా అరగదు" అని కొందరు ఊరిస్తారు. అరగని రబ్బరు సాధారణంగా గట్టి రబ్బరు, తడిలో పట్టు తక్కువ. సిలికా కలిపిన రబ్బరుకు తడిరోడ్డు మీద పట్టు బాగుంటుంది. నాలుగు వందలు ఎక్కువైనా నేను దానికే ఓటు వేస్తాను. గాడులు నడిమి నుంచి అంచుదాకా సాగి ఉండాలి. పెద్ద పెద్ద దిమ్మెలున్నవి బురదదారులకేగాని మన తారు రోడ్లకు కావు.

డబ్బు ఆదా అని వెనక అరిగినదాన్ని ముందుకు మార్చే అలవాటు కొన్ని ఇళ్ళల్లో ఉంది. ఇది మాత్రం చేయనివ్వకండి. వెనక చక్రం జారితే సర్దుకునే వీలు కొంతైనా ఉంటుంది, ముందుది జారితే క్షణంలో కింద పడతాం. ముందు నిలబెట్టిన చంటివాడు మనకంటే ముందు పడతాడు.

బిగించేటప్పుడు బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందా చూడండి. కొత్త టైరు మొదటి నూటయాభై కిలోమీటర్లు నున్నగా ఉంటుంది, మలుపుల్లో నెమ్మది. మెరుపు కోసం దానికి నూనె రాయకండి. గాలి పదిహేను రోజులకోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. ఒక్కరికి ఎంతో, ఇద్దరికి ఎంతో పుస్తకంలో వేరువేరుగా రాసి ఉంటుంది.

పాత టైరు మేడ మీద పెట్టుకోకండి. అందులో నిలిచిన వాననీటిలో దోమలు పెరుగుతాయి. దుకాణంలోనే వదిలేసి రండి.