మిషను కొనే ముందు ఒక లెక్క

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను కోసం భార్య నగలు వడ్డీకి తాకట్టు పెట్టబోతూ ఒక దర్జీ సోదరుడు మా వద్దకు వచ్చారు. వడ్డీ నిషిద్ధమని ఆయనకూ తెలుసు. "మరో దారి లేదు, మౌల్వీ సాబ్" అన్నారు. ఏడాదిలో ఆ మిషనుకు ఎన్ని నెలల పని ఉంటుందని అడిగాము. రంజాన్‌కు, పెళ్ళిళ్లకు కలిపి నాలుగు నెలలే అన్నారు.

మిగతా ఎనిమిది నెలలు మిషను ఊరకే ఉన్నా వాయిదాలు ఆగవు. అటువంటప్పుడు అవసరమైన నెలలకు అద్దెకు తీసుకోవడమే మేలు. షరీఅత్‌లో దీనిని ఇజారా అంటారు. మిషను యజమాని సొత్తు గనుక, మన నిర్లక్ష్యం లేకుండా పాడైతే ఆ నష్టం ఆయనదే. ఏడాదంతా పని ఉన్నవారు లాభనష్టాలు పంచుకొనే భాగస్వామిని చూసుకోవచ్చు. ఏ ఒప్పందమైనా వ్రాసుకోవాలి. గడువుగల బాకీల విషయంలో బఖరా సూరా 282వ ఆయతు నేర్పేది ఇదే.

ఆ సోదరుడు నగలను తిరిగి ఇంటికి తీసుకుపోయారు.