పిచ్ డార్క్ అంటే ఎంత చీకటి?

కర్నూలు జిల్లా ఆలూరు కుర్రాళ్లకు పిచ్ అంటే క్రికెట్ పిచ్చే. ఇంగ్లిష్ పాఠంలో 'పిచ్ డార్క్' అన్న మాట తగిలితే ఆటస్థలానికీ చీకటికీ పొత్తేమిటో అంతుపట్టదు. నిఘంటువు 'కటిక చీకటి' అని చెప్పి ఊరుకుంటుంది. అర్థం తెలుస్తుంది గానీ, ఆ పిచ్ సంగతి తేలదు.

ఈ పిచ్ వేరు. పైన్ కట్టెను గాలి తగలకుండా కాల్చితే తారు కారుతుంది. ఆ తారును ఇంకా మరిగిస్తే అడుగున నల్లటి ముద్ద మిగులుతుంది, అదే పిచ్. బొగ్గు తారు నుంచి కూడా తీస్తారు. చెక్క ఓడల పలకల సందుల్లోంచి నీళ్లు రాకుండా యూరప్‌లో దీన్నే కాచి పూసేవాళ్లు. చూడటానికి రాయిలా ఉంటుంది, సుత్తితో కొడితే పగులుతుంది. కానీ అది పారుతుంది కూడా! ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1927లో థామస్ పార్నెల్ గాజు గరాటులో పోసి ఉంచిన పిచ్ నుంచి 2014 దాకా రాలినవి తొమ్మిదే చుక్కలు. నలుపు అనగానే మనకు కాటుక గుర్తొచ్చినట్టు, ఆ ఓడల జనానికి పిచ్ గుర్తొచ్చింది.

వాడుక కష్టమేం కాదు. రాత్రి, గది, దారి పిచ్ డార్క్ కావచ్చు. జుట్టునూ గుడ్డనూ అలా అనరు, వాటికి 'పిచ్ బ్లాక్' అనాలి. ఈ రెండో మాట చీకటికీ చెల్లుతుంది. ముందు 'వెరీ' తగిలించడం మాత్రం తప్పు. మనమూ 'చాలా కటిక చీకటి' అనం కదా.

అసలు చిక్కు ఎప్పుడు వాడాలన్న దగ్గర వస్తుంది. కరెంటు పోగానే పిచ్ డార్క్ అనేయడం ఇంగ్లిష్ వాళ్లకూ అలవాటే. నిక్కచ్చిగా చూస్తే మన ఆరుబయట అంత చీకటి దొరకదు. హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి జరిగే బన్నీ ఉత్సవాన్నే తీసుకోండి. కాగడాలు సరే, అవి లేకున్నా నడిరేయి దాకా దశమి చంద్రుడు ఉండనే ఉంటాడు. పోనీ అమావాస్య నాడు చేల మధ్య నిలబడితే? మబ్బు లేకుంటే చుక్కల వెలుగు ఉంటుంది. అరగంట ఓపిక పడితే చేనుగట్టు, చెట్టు ఆకారం తెలుస్తాయి. కంటి వెనక పొరలో మసక వెలుగును పట్టే కణాలు మేలుకోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. వాటికి కావలసిన రంగు పదార్థం విటమిన్ ఎ తోనే తయారవుతుంది. అది కొరవడితే వచ్చేదే రేచీకటి.

నిజమైన పిచ్ డార్క్ కావాలంటే గుత్తి, తాడిపత్రి దాటి కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలకు పోవాలి. 2022 దాకా అవి కర్నూలు జిల్లాలోనివే, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. సున్నపురాయిని నీరు కరిగించి చేసిన ఈ సొరంగాల పొడవు 3,229 మీటర్లు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. 1982, 83లలో డానియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం కొలతలు తీసింది. 2002లో పర్యాటక శాఖ దీపాలు పెట్టి జనానికి తెరిచింది. ఆ దీపాలు లేని మలుపుల్లో చుక్కల వెలుగు కూడా చొరబడదు. అరగంట కాదు, రోజంతా కూర్చున్నా కన్ను అలవాటు పడటానికి అక్కడ వెలుగంటూ ఏమీ లేదు.

'కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి' అని మనం అనేది ఇలాంటిదాన్నే. కానీ ఇక్కడో తమాషా ఉంది. 2013లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన డూయె టాడిన్ బృందం, వెలుగు ఏమాత్రం చొరకుండా కళ్లకు గంతలు కట్టి, మొహం ముందు సొంత చెయ్యి ఊపమని జనాన్ని అడిగింది. సగం మందికి ఆ కదలిక కనిపించిందట. అది ఉత్త గొప్పలు కాదని, గంతలకు బదులు కటిక చీకట్లో కనుగుడ్ల కదలికను కొలిచి తేల్చారు. చూశామన్నవాళ్ల కళ్లు చేతి వెంటే సాఫీగా కదిలాయి, లేదన్నవాళ్లవి తడబడ్డాయి. చెయ్యి ఎక్కడుందో మెదడుకు ముందే తెలుసు. వెలుగు అందకున్నా ఆ ఎరుకనే అది బొమ్మగా గీసి కంటికి చూపిస్తుంది.