డబ్బీలో డబ్బు... కొనొచ్చా?

అదో పాత వెండి డాలరు. అమెరికా టంకశాల మొట్టమొదటిసారి డాలరు నాణేలు ముద్రించిన 1794 నాటిది. 2013 జనవరిలో న్యూయార్క్‌లో వేలానికొచ్చింది. పాట ఆగేసరికి ధర కోటి డాలర్లు దాటింది. అప్పటి లెక్కలో మన యాభై కోట్ల రూపాయల పైమాటే! అంత పెట్టి కొన్నవాళ్ల చేతికి వచ్చింది మాత్రం... అరచేతిలో పట్టే ఓ ప్లాస్టిక్ డబ్బీ. అందులో నాణెం, పైన చిన్న చీటీ, దానిమీద '66' అన్న అంకె.

ఇలాంటి డబ్బీలు ఇప్పుడు మన ఇళ్లలోకీ వస్తున్నాయి. అమెరికా నుంచి సెలవులకొచ్చే అబ్బాయి నాన్నకు కానుకగా ఒకటి తెస్తాడు. నాణేల ప్రదర్శనకు వెళితే అద్దాల బల్లమీద వరసగా కనిపిస్తాయి. 'గ్రేడింగ్ అయిన నాణెం సార్, పెట్టుబడికి భేష్' అంటాడు అమ్మేవాడు. అదే నాణెం డబ్బీ లేకుండా ఉంటే ఒక ధర, ఉంటే ఇంకో ధర. ఆ తేడా ఇచ్చి కొనొచ్చా?

స్లాబంటే పైకప్పు కాదు!

మన దగ్గర స్లాబంటే ఇంటి పైకప్పు. నాణేలు సేకరించేవాళ్లకు మాత్రం ఈ డబ్బీయే స్లాబు. ఇది పుట్టింది ఓ తగువు తీర్చడానికి. అమ్మేటప్పుడు 'కొత్త నాణెంలా మెరిసిపోతోంది' అన్న వ్యాపారే, దాన్ని తిరిగి అమ్మడానికి తీసుకెళితే 'బాగా అరిగిపోయిందండీ' అనేవాడు. కొన్నవాడి గోడు వినేదెవరు? అందుకే కొనడం, అమ్మడంతో సంబంధం లేని మూడో మనిషి కావాల్సివచ్చింది. 1986లో కాలిఫోర్నియాలో పీసీజీఎస్, ఆ మరుసటేడు ఎన్‌జీసీ ఆ పని మొదలుపెట్టాయి. ఇప్పటికీ ఈ రంగంలో పెద్దన్నలు ఆ రెండే.

ఫీజు కట్టి నాణెం పంపిస్తే, అది ఎవరిదో తెలియకుండా నిపుణులు పరీక్షిస్తారు. అసలుదా, నకిలీదా? ఎవరైనా తోమారా, చెక్కారా? ఎంత అరిగింది? అన్నీ చూసి ఒక అంకె ఇస్తారు. తర్వాత డబ్బీలో పెట్టి, తెరిస్తే ఆనవాలు కనిపించేలా అతికేస్తారు. చీటీమీద ఉన్న నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్లో కొడితే నాణెం వివరాలొస్తాయి.

మార్కులు డెబ్బైకి

బడిలో మార్కులు వందకైతే నాణేలకు డెబ్బైకి! ఈ వింత లెక్క విలియం షెల్డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తది. ఆయనకు అమెరికా పాత రాగి సెంట్లంటే ప్రాణం. బాగా అరిగిన సెంటు ధర ఒక వంతు అనుకుంటే, మచ్చలేనిది డెబ్బై వంతులు పలుకుతుందని 1949లో లెక్కగట్టాడు. ఆ ధరలు ఎప్పుడో మారిపోయాయి, అంకెలు మాత్రం మిగిలాయి. అరవై, ఆపైన వచ్చిందంటే ఆ నాణెం చేతులు మారి అరగలేదని అర్థం.

ఇందులో ఓ కొసమెరుపుంది. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోని మేలైన సెంట్లను తీసుకుని, వాటి స్థానంలో నాసిరకం సెంట్లు పెట్టింది ఈ షెల్డన్ మహాశయుడేనని ఆయన పోయాక బయటపడింది. ఏ నాణెం ఏదో నమోదు చేసి, సీలు వేయాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ఇంతకన్నా చెప్పాలా!

ఎనిమిది తొమ్మిదైతే...

డబ్బీ నిజంగా ఆదుకునేది ఎక్కడంటే నకిలీల బెడద ఉన్నచోట. మన 1939 నాటి ఆరో జార్జి రూపాయినే తీసుకోండి. బరువు 11.66 గ్రాములు, నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. మరుసటి ఏడాది నుంచి రూపాయిలో వెండి సగానికి పడిపోయింది. 1939 రూపాయి అరుదు కాబట్టి సేకర్తలు ఎగబడతారు. మోసగాళ్లకూ దానిమీదే కన్ను. 1938 రూపాయి బరువూ అంతే, వెండీ అంతే. చివరి 8ని చెక్కి 9గా మార్చేస్తే తక్కెడ పట్టుకోలేదు, కంసాలి గీటురాయీ పట్టుకోలేదు. భూతద్దం కింద అక్షరాల తీరు చదవగలిగిన నిపుణుడే పట్టుకోవాలి. అలాంటి నాణేనికి వేలకు వేలు పోసేటప్పుడు డబ్బీకి ఇచ్చే అదనపు ధర బీమాలాంటిదే.

అంకెను నమ్మి మునిగినవాళ్లు

అలాగని డబ్బీని గుడ్డిగా నమ్మలేం. గ్రేడు అనేది కొలత కాదు, అభిప్రాయం. 64 వచ్చిన నాణేన్ని డబ్బీ పగలగొట్టి మళ్లీ పంపితే 65 రావచ్చు, 63 కూడా రావచ్చు! ఆ ఒక్క మార్కుతో కొన్ని నాణేల ధర ఎన్నో రెట్లు మారిపోతుంది కాబట్టి అమెరికాలో కొందరు వ్యాపారులు ఇదే పనిగా పెట్టుకున్నారు.

గ్రేడు ధరకు హామీ కూడా కాదు. అంకె ఉంది కదా, ఇక షేర్లలా కొనొచ్చని 1989 ప్రాంతంలో అమెరికాలో మదుపరులు నాణేలమీద పడ్డారు. ఆ మరుసటేడే మార్కెట్ కుప్పకూలింది. డబ్బీ చెక్కుచెదరలేదు, అంకె మారలేదు... ధర మాత్రం జారిపోయింది.

'70కి 70' చూసి మురిసిపోవడమూ ప్రమాదమే. 'సిల్వర్ ఈగిల్' లాంటి కొత్త నాణేలు టంకశాల నుంచి నేరుగా గ్రేడింగ్‌కు వెళతాయి. వాటిలో 69, 70 కుప్పలుతెప్పలు. ఉన్నది 31.1 గ్రాముల వెండి. మిగతాదంతా చీటీకి చెల్లించే మూల్యమే! ఇక అసలు డబ్బీలకే నకిలీలు వస్తున్నాయని 2008 నాటికే ఆ సంస్థలు హెచ్చరించాయి. చీటీమీద నంబరు నిజమైనదే ఉంటుంది, నాణెం వేరేది ఉంటుంది. అందుకే నంబరుతోపాటు వెబ్‌సైట్లోని ఫొటోనూ పోల్చిచూడాలి.

చింతపండు జోలికెళ్లొద్దు

మరి నాయనమ్మ పెట్టెలో దొరికిన విక్టోరియా రూపాయి, నిజాం చార్మినార్ రూపాయి సంగతేంటి? ముందు దాన్ని చింతపండుతో తోమకండి! తళతళలాడే సరికి మీకు ముచ్చటేస్తుంది కానీ, నిపుణుడు దాన్ని 'శుభ్రం చేసింది' అని పక్కన పెడతాడు. అలాంటివాటికి అంకె ఇవ్వరు, 'డీటెయిల్స్' అని మాత్రం రాస్తారు. విలువ సగానికి సగం పడిపోయినా ఆశ్చర్యం లేదు.

వందేళ్లు దాటిన నాణేలు 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువులు. వాటిని ఇష్టమొచ్చినట్లు దేశం దాటించకూడదు. గ్రేడింగ్ చేయిస్తామంటూ అమెరికాకు పోస్టులో పంపే ఆలోచన మానుకోండి. పైగా వందల రూపాయల నాణేనికి వేల రూపాయల ఖర్చు చేయడం కోడిపిల్లకు ఏనుగు గంట కట్టినట్టే. 'మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి' అనే ఫోన్లనూ నమ్మొద్దు. తన పేరు వాడుకుని ఇలా వసూలు చేస్తున్నారని 2021లో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది.

కొనేముందు ఒక్క పరీక్ష

ఇంతకీ కొనాలా వద్దా? ఖరీదైనదై, నకిలీలు ఎక్కువగా ఉన్న నాణెమైతే పేరున్న సంస్థ డబ్బీలోదే కొనండి. సరదాకి కొనే చవక నాణేనికి డబ్బీ అనవసరం. ఊరూపేరూ లేని సంస్థ చీటీ అయితే, అది లేనట్టే లెక్క. పిల్ల పెళ్లికని దాచిన సొమ్ము మాత్రం ఏ డబ్బీలోనూ పెట్టొద్దు.

పాత సేకర్తలు చెప్పే చిట్కా ఒకటుంది. చీటీని బొటనవేలితో మూసి నాణేన్ని చూడండి. అంకె కనిపించకపోయినా ఆ ధర ఇవ్వాలనిపిస్తే కొనండి. అనిపించకపోతే... మీరు కొంటున్నది నాణేన్ని కాదు, ప్లాస్టిక్‌ని!