అబద్ధాలాడే డిస్కు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల పక్కన నడుస్తూ పోతే మేడల మీద ఎక్కడ చూసినా కోచింగ్ బోర్డులే. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షలు, వాటి సందుల్లో జావా, పైథాన్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా పైవాటాలో అద్దెకుంటున్న నల్లగొండ కుర్రాడు ఆ ఆఖరిదాంట్లో చేరాడు. "టెస్టింగంటే ఏముంది తాతా, ప్రోగ్రాం నడుస్తుందా లేదా చూసుడే గద!" అన్నాడు.

అది సగమే నాయనా. రెండో సగం ఇంకా తమాషాగా ఉంటుంది. కావాలని చెడగొట్టి, అప్పుడు ప్రోగ్రాం ఏం చేస్తుందో చూడటం. ఇంజనీర్లు దీన్ని ఎర్రర్ ఇంజెక్షన్ అంటారు.

కంప్యూటర్లో డిస్కుకీ, ప్రింటరుకీ, నెట్‌వర్క్ కార్డుకీ ఒక్కో డ్రైవరు ప్రోగ్రాం ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఏ పరికరంతో పని పడ్డా దాని డ్రైవరు ద్వారానే మాట్లాడాలి. డిస్కు మంచిదైతే ఏళ్ళ తరబడి అడిగిందల్లా ఇస్తూనే ఉంటుంది. "ఈ చోటు పాడైంది, చదవలేను" అనడం ఎప్పుడో ఒకసారి. ఆ ఒక్కసారి కోసం డ్రైవరు రాసినాయన నాలుగు లైన్లు రాసే ఉంటాడు: తీసుకున్న మెమరీ తిరిగిచ్చెయ్, వేసిన తాళం తియ్, కబురు పైకి పంపు. రాశాడు సరే, అవి నడిచిందెప్పుడు? ఎన్నడూ నడవని లైన్లో తప్పుంటే ఎవరికి తెలుస్తుంది? 2001లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌ని జల్లెడ పట్టి చూస్తే, మిగతా భాగాలకన్నా డ్రైవర్లలో తప్పుల రేటు మూడు నుంచి ఏడు రెట్ల దాకా ఎక్కువని తేలింది.

ఇల్లు కట్టేటప్పుడు బాత్రూములో టైల్స్ వేయకముందే మేస్త్రి నీళ్ళు నింపి వదిలేస్తాడు చూశారా? కింది స్లాబు చెమ్మగిల్లితే అప్పుడే పట్టుకోవాలి, టైల్స్ పడ్డాక కాదు. ఇదీ అదే పని.

సరే, మంచి డిస్కు చేత తప్పు చేయించడం ఎలా? లినక్స్‌లో ఎస్‌సీఎస్ఐ డీబగ్ అని ఒక డ్రైవరుంది. మామూలుగా 8 మెగాబైట్ల మెమరీ తీసుకుని "నేను డిస్కుని" అని నటిస్తుంది. ఒక మీట నొక్కితే 4660వ సెక్టారు, అంటే డిస్కులో ఆ నంబరు గడి, దగ్గర "పాడైంది" అని బొంకుతుంది. 4660 ఏమిటంటారా? కంప్యూటరువాళ్ళు వాడే పదహార్ల లెక్కలో రాస్తే అది 1234. గుర్తుండటానికి పెట్టుకున్నారన్నమాట! ఆ అబద్ధం విన్న పై ప్రోగ్రాం మళ్ళీ ప్రయత్నించిందా, మర్యాదగా చెప్పిందా, బిగుసుకుపోయిందా, అన్నీ కళ్ళారా చూడొచ్చు.

మెమరీ విషయంలోనూ ఇంతే. 2007లో వచ్చిన లినక్స్ 2.6.20లో అకినోబు మితా రాసిన ఏర్పాటు చేరింది. డ్రైవరు మెమరీ అడిగితే, ఖాళీ ఉన్నా సరే "లేదు పో" అంటుంది. నూటికి ఎన్నిసార్లు లేదనాలి, ఎంత ఎడంగా అనాలి, మొత్తం ఎన్నిసార్లు అనాలి, అన్నీ మనమే చెప్పొచ్చు. 2017లో దీనికి ఇంకో మెలిక చేర్చారు. మొదటి అడుగుడుకి లేదను, మళ్ళీ మొదలుపెట్టి రెండోదానికి లేదను, ఆ తర్వాత మూడోదానికి... అలా చివరిదాకా. అదృష్టం మీద వదిలేయకుండా ఒక్కో మలుపునీ వరసగా తట్టి చూసే ఈ పద్ధతే నాకు ఎక్కువ నచ్చింది. ఓపిక ఉన్నవాడి పద్ధతి అది.

ఇక ఎమ్యులేటర్లు. నిజం యంత్రం అక్కర్లేకుండా దాన్ని సాఫ్ట్‌వేర్‌లోనే నటింపజేసే ప్రోగ్రాములివి. ఫ్రాన్స్‌కి చెందిన ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో మొదలెట్టిన క్యూఈఎమ్‌యూ వీటిలో పేరున్నది. ఇందులో డిస్కు చదవబోయిన క్షణానే తప్పు పుట్టించొచ్చు, ఏ పరికరమూ కాలదు. అయితే నటించేవాడి నటనలోనూ తప్పులుంటాయి కదా! 2015 మే నెలలో వెనమ్ అనే లోపం బయటపడింది. క్యూఈఎమ్‌యూలోని ఉత్తుత్తి ఫ్లాపీ డ్రైవుకి చెత్త ఆదేశాలు పంపితే, వాటిని కాసేపు దాచే దాని 512 బైట్ల బఫరు పొంగి, లోపలి అతిథి యంత్రంలోంచి బయటి అసలు కంప్యూటరులోకి దూరే దారి దొరికేది. ఫ్లాపీ ముఖం చూసినవాడు లేకపోయినా, ఆ తప్పు 2004 నుంచీ అక్కడే కూర్చుంది. పదకొండేళ్ళు! అందుకే డ్రైవరుకి పరికరం అబద్ధం చెప్పినట్టే, ఎమ్యులేటరుకి డ్రైవరు చేత కూడా అబద్ధాలు చెప్పించి చూడాలి.

మన దగ్గర ఇదే పని ఇనుముతో చేశారు. 2022 మార్చి 4న లింగంపల్లి–వికారాబాద్ మార్గంలో గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య కవచ్‌ని పరీక్షించారు. రైళ్ళు ఢీకొనకుండా ఆపే వ్యవస్థ అది. అప్పట్లో దాన్ని తయారుచేసిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ సంస్థలే. ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లు ఎదురెదురుగా! ఒకదాంట్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్, ఇంకోదాంట్లో రైల్వే బోర్డు చైర్మన్. ఎదుటి ఇంజను ఇంకా 380 మీటర్ల దూరంలో ఉండగానే కవచ్ ఇంజన్ని ఆపింది. ఇంకోసారి ఎర్ర సిగ్నల్ వచ్చినా లోకో పైలట్ కావాలనే బ్రేకు వేయలేదు, కవచ్ తానే వేసింది. మంత్రిగారు ఎక్కడం కెమెరాల కోసమే అనుకున్నా, పైలట్ చేత తప్పు చేయించి చూడటం మాత్రం అసలైన పరీక్షే.

పిల్లలూ, మీరూ చేసి చూడండి. లినక్స్, క్యూఈఎమ్‌యూ రెండూ ఉచితమే. ఎస్‌సీఎస్ఐ డీబగ్ చాలా లినక్స్‌లలో సిద్ధంగానే దొరుకుతుంది. మెమరీ ఇవ్వననే ఏర్పాటు మాత్రం మామూలుగా మూసి ఉంటుంది, కెర్నెల్‌ని మళ్ళీ కంపైల్ చేసుకోవాలి. చేసేదంతా క్యూఈఎమ్‌యూ లోపలే చెయ్యండి, నోట్సు దాచుకున్న లాప్‌టాప్ మీద నేరుగా వద్దు.